జానెడు నేత

చిలుకమ్మ మాట ఎత్తితే నాకు ముందు కోపం వస్తుంది. ఆమె మీద కాదు. "ఎంత త్యాగం చేసిందమ్మా మహాతల్లి" అని చీర కొంగుతో కళ్ళు ఒత్తుకునే వాళ్ళ మీద. త్యాగం చేద్దామని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఆమెకు ఒకటే ఒకటి కావాలి. అది ఆమెకు దొరకలేదు. జరిగింది ఇంతే, కాకపోతే ఇంతే అని చెప్పి ఊరుకుంటే నాకు తృప్తిగా ఉండదు.

వరంగల్ కొత్తవాడలో మొగిలయ్య అనే నేతపనివాడి భార్య చిలుకమ్మ. పుట్టినిల్లు కూడా మగ్గాల ఇల్లే. సరిగ్గా మాటలు రాకముందే రాట్నం ముందు కూర్చోబెట్టారట. ఆమె పని కండెలు చుట్టడం. నాడెలో పెట్టే చిన్న నూలు చుట్టను కండె అంటారు. నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే బట్ట పెరుగుతుంది, కండె అయిపోతే మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగకుండా కండెలు అందించడం ఆడవాళ్ళ వంతు, దాని ముందు కూర్చుని నేయడం మగవాళ్ళ వంతు. వాళ్ళ ఇళ్ళలో మగ్గం నేలలో తవ్విన గుంట మీద ఉండేది. నేసేవాడు ఆ గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటాడు. అందులోకి ఆడది దిగకూడదు. ఎందుకని ఎవరినైనా అడిగితే "దిగద్దు, గంతే" అనేవారు తప్ప ఇంకో ముక్క చెప్పేవారు కాదు.

చిలుకమ్మకు మాత్రం నేయాలని ఉండేది. పక్క గదిలో రాట్నం తిప్పుతూ మగ్గం చప్పుడు వింటూ కూర్చునేది. చప్పుడును బట్టి పోగు తెగిందో, మొగుడికి నిద్ర వస్తుందో చెప్పేసేది. తన చేతితో ఒక్క చీర, ఈ కొస నుంచి ఆ కొస దాకా నేసి, అది కట్టుకుని నాలుగిళ్ళు తిరిగి రావాలని ఆమె కోరిక. పిల్లలు లేరన్న బాధ కూడా ఆమె అంతగా చెప్పుకున్నట్టు నాకు గుర్తు లేదు. చీర గురించి మాత్రం చెప్పేది.

నేను ఆమెను చూసింది మా బడిలో. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న లడాయి రోజులు అవి. మట్టెవాడలో ఒక పెంకుటింట్లో నడిచే ఆడపిల్లల బడి మాది. పెద్ద పంతులమ్మ పేరు రాజేశ్వరి. ఆమెకు ఒక పట్టుదల ఉండేది. మేము పుస్తకాలు చదివి, ముగ్గులు నేర్చుకుని, పెళ్ళి చేసుకుని పోతే ఆమెకు నచ్చదు. "లోకంలో ఎన్ని పనులున్నాయో మీకు తెలియదు. తెలిస్తే కదా ఏది కావాలో కోరుకుంటారు" అనేది. మధ్యాహ్నం పూట చేతిపనుల క్లాసు పెట్టింది. ఒకరోజు అచ్చాఫీసుకు తీసుకుపోయి అక్షరాలు పేర్చడం చూపించింది. ఇంకోరోజు దవాఖానకు తీసుకుపోయి నర్సమ్మలతో మాట్లాడించింది. ఎడ్లబండికి చుట్టూ పరదాలు కట్టించి, అందులో మమ్మల్ని కుక్కి తిప్పేది. నేను వకీలు కూతుర్ని. చేతిపని అంటే నాకు ఒళ్ళు మంట. బండిలో కూర్చోవడం మాత్రం ఇష్టం.

ఎవరో వ్యాపారి బడికి ఒక మగ్గం దానం చేశాడు. నేర్పడానికి పాండురంగం అనే మాస్టరును మాట్లాడారు. కండెలు చుట్టడం నేర్పడానికి చిలుకమ్మను పెట్టారు. ఇక చూడండి తమాషా. ఆడపిల్లల బడిలోకి మగమనిషి ఎట్లా వస్తాడని మా ఇళ్ళలో గోల మొదలైంది. మా నాయనైతే కోర్టులో వాదించినట్టే వాదించాడు. చివరికి పాండురంగం మాస్టరు వరండాలో పరదా వెనక కూర్చుని పాఠం చెప్పాలని ఒప్పందం కుదిరింది.

"కుడికాలు తొక్కుండ్రి! నాడె ఇసరుండ్రి! తొక్కిండ్లా?" అని ఆయన పరదా అవతల నుంచి అరిచేవాడు.

"తొక్కినం సార్!" అని మేము ఇవతల నుంచి అరిచేవాళ్ళం. ఒక్కతీ తొక్కేది కాదు. మగ్గం దగ్గరికి పోవడానికే భయం. మూలన రాట్నం తిప్పుతున్న చిలుకమ్మ కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒకరోజు లేచి వచ్చి, మగ్గం కిందికి వంగి చూసింది. అది మా ఊరి గుంట మగ్గం కాదు. నాలుగు కాళ్ళ మీద నేలపై నిలబడే మగ్గం, కూర్చోవడానికి పీట కూడా ఉంది.

"అమ్మా, దీనికి గుంట లేదు గదా?" అని రాజేశ్వరి పంతులమ్మను అడిగింది.

"లేదు."

"మరి నేను కూసుంటే తప్పేంది?"

"తప్పని ఎవరన్నారు?"

చిలుకమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని పీట మీద కూర్చుంది. ఆమె ముఖం చూడాలి అప్పుడు. పెళ్ళిపీటల మీద కూడా అంత కళ ఉండి ఉండదు. పాండురంగం మాస్టరు "నాడె ఇసరుండ్రి" అనగానే విసిరింది. అది మగ్గం దాటి పోయి గోడకు తగిలింది. మేమంతా పకపకా నవ్వాం. పరదా అవతల నుంచి ఆయన "ఏమైంది, ఏమైంది" అని ఒకటే గోల.

తర్వాత చేయి కుదిరింది కానీ ఇంకొక చిక్కు వచ్చింది. కండె అయిపోగానే చిలుకమ్మ చటుక్కున లేచి రాట్నం దగ్గరికి పోయేది. కండె చుట్టి, దాన్ని పట్టుకుని, నేసేవాడు చేయి చాపుతాడని మగ్గం పక్కన నిలబడేది. మగ్గం మీద ఎవరూ ఉండరు. అప్పుడు గుర్తొచ్చి, "అరె, నేనే గదా" అని నాలుక కరుచుకుని కూర్చునేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం ఆగిందంటే లేవడమే కదా ఆమె ఎరిగింది. మాకు నవ్వు ఆగేది కాదు. పక్కన ఇంకో పిల్లను కూర్చోబెట్టి చుట్టిస్తే తప్ప ఆ అలవాటు పోలేదు.

సంగతి కొత్తవాడకు పాకింది. కులపెద్దలు మొగిలయ్యను పిలిచి నీ పెండ్లాం మగ్గం ఎక్కిందటగా అని నిలదీశారు. మొగిలయ్య మెత్తటి మనిషి. వెనకనే చిలుకమ్మ పోయి చెప్పింది.

"గుంటల దిగద్దన్నరు. నేను దిగలే. అది నేల మీద నిలబడ్డ మగ్గం. దాంట్ల గుంట ఏడున్నదో సూపెట్టుండ్రి, రేపటికెల్లి కూసోను."

వాళ్ళలో ఒక పెద్దాయన స్వయంగా చూసి తేలుస్తానని బడికి వచ్చాడు. ఆయన్ను కూడా లోపలికి రానివ్వలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని, మెడ సాచి మగ్గం కిందికి చూసి, గుంట లేదని ఒప్పుకుని వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం బడిలో పండగే.

కానీ మగ్గం బడిది. నేర్చుకోవలసింది పిల్లలు. చిలుకమ్మ కూర్చుని "ఇట్ల తొక్కాలె, ఇట్ల కొట్టాలె" అని జానెడు నేసి చూపించేది. అంతలో ఒక పిల్ల వంతు వచ్చేది, లేచి పీట ఇవ్వాల్సిందే. ఆ పిల్ల నేసినంత మేర బట్ట వంకరలు పోయేది. మళ్ళీ చిలుకమ్మ జానెడు. మళ్ళీ ఇంకో పిల్ల. బట్ట దిగాక చేయి వేసి తడిమితే ఎక్కడ ఆమె నేతో నాకు కూడా తెలిసేది. అక్కడ చేయి ఎక్కడా ఆగేది కాదు. లేచేటప్పుడల్లా ఆమె ఒక్క క్షణం ఆలస్యం చేసేది, అంత ఇష్టం లేకుండా లేచేది.

ఊళ్ళోని బట్టల మిల్లు చూడడానికి పోయినప్పుడు ఆమెను కూడా తీసుకుపోయాం. లోపల చప్పుడుకు చెవులు దిమ్మెక్కాయి. ఒక పెద్ద సాలలో ఆడవాళ్ళు నూలు చుట్టే పని చేస్తున్నారు. "చదువు రాకున్నా ఇక్కడ ఆడమనిషికి కొలువుంది. చదువు కూడా ఉంటే ఇంకా పై పని దొరుకుతుంది" అని పంతులమ్మ మాకు చూపించింది. సుగుణ అనే పిల్ల ముందుకు పోయి ఆ ఆడవాళ్ళను ఏదేదో అడిగింది. చిలుకమ్మ అటువైపు చూడనే లేదు. మగ్గాల సాల గుమ్మంలో నిలబడిపోయింది. బండి ఎక్కాక నాతో అంది.

"ఒక్కడే అన్ని మగ్గాలు సూస్తాండు బిడ్డా. అండ్ల ఒక్కదాని మీదన్న ఆనికి పానముంటదా? నాకు ఒక్కటి ఇచ్చినా సాలు."

సుగుణ గురించి చెప్పాలి. తల్లి బక్కమ్మ గంజిలో, అంటే ధాన్యం అమ్మే బజారులో, గింజలు చెరిగే పనికి పోయేది. తండ్రి లేడు. చదువులో సుగుణ అంతంత మాత్రమే కానీ మగ్గం మీద కూర్చుంటే వేరే పిల్ల అయిపోయేది. మేమందరం వంతు తప్పించుకోవడానికి కడుపునొప్పి అంటే, మా వంతులన్నీ అడిగి తీసుకునేది. చిలుకమ్మను "అత్తా" అని పిలిచేది. చిలుకమ్మకు ఆ పిల్ల అంటే ముద్దే, కానీ కొంచెం అసూయ కూడా ఉండేది. దాచుకునే మనిషి కాదు. "నీ వయసుల నన్నెవరు కూసోనియ్యలేదే" అనేది.

ఆ ఏడు వేసవి సెలవులకు ముందు రాజేశ్వరి పంతులమ్మ చిలుకమ్మకు మాట ఇచ్చింది. సెలవుల్లో మగ్గం ఆమెదే. ఒక చీరకు సరిపడే పడుగు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు, బడి లెక్కలో ఇప్పిస్తుంది. ఇష్టం వచ్చినట్టు నేసుకోవచ్చు. ఇక ఆ చీర కబుర్లతో మా ప్రాణాలు తీసింది. ఒకరోజు గుమ్మడి పువ్వు రంగు ఒళ్ళు, మిరపపండు అంచు. ఇంకోరోజు అంచు నెమలికంఠం. "ఏదో ఒకటి తేల్చుకో చిన్నమ్మా" అని నేను విసుక్కుంటే, "తేల్సుకుంటే అయిపాయె. జరసేపు సోంచాయించనియ్యి" అనేది. ముఖం చూస్తే విసుక్కోబుద్ధి అయ్యేది కాదు.

అంతలో హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. అక్కడ ఆడపిల్లలకు చేతిపనులు నేర్పే బడి ఒకటి పెట్టారు. తిండి, ఉండడానికి చోటు ఇస్తారు. నేర్చుకుని బయటికి వస్తే పంతులమ్మ కొలువు. చేరాలంటే ఆ పిల్ల మొదటి నుంచి చివరి దాకా తానే నేసిన బట్ట చూపించాలి. మా బడిలో పంపదగిన పిల్ల సుగుణ ఒక్కతే. లడాయి మూలంగా నూలు మీద కంట్రోలు. ఊళ్ళో మగ్గాలు సగం పడుకునే ఉన్నాయి. బడికి వచ్చిన నూలు ఒక్క పడుగుకే సరిపోతుంది.

పంతులమ్మ చిలుకమ్మను పిలిచింది. మేము అక్కడే ఉన్నాం.

"నీకు మాట ఇచ్చాను చిలుకమ్మా. నూలు ఒక్కదానికే ఉంది. నువ్వు నేసుకుంటానంటే నేను కాదనను."

చిలుకమ్మ ముఖం నల్లబడింది. "నన్నడుగుడెందుకమ్మా? మీరే ఆ పిల్లకు ఇయ్యకపోయిండ్లా? నన్నడిగి, నా నోటితోని అనిపియ్యాల్నా?" అంది. రాట్నం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పంతులమ్మ ఇద్దరిలో ఎవరికివ్వాలో తేల్చుకోలేక పడుగు పెట్టెలోనే ఉంచింది. చివరికి చూసి రమ్మని నన్ను పంపింది.

నేను పోయేసరికి ఇంట్లో మగ్గం ఖాళీగా ఉంది. చిలుకమ్మ గడప మీద కూర్చుని ఉంది. మొగిలయ్య నన్ను చూసి ప్రాణం లేచి వచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

"సూడు బిడ్డా. నూలు దొరకనీ, తలుపు దగ్గరేస్త, గుంటల దిగి నీ తనివితీర నేసుకోమన్న. ఎవరు సూడొచ్చిండ్రు? ఇంటలేదు."

"తలుపేసుకొని నేస్తే నేనేమన్న దొంగనా?" అంది చిలుకమ్మ. "నలుగురు సూస్తాంటె నెయ్యాలె నేను."

ఆయన బయటికి పోయాడు. నేను ఆమె పక్కన కూర్చున్నాను. తనే చెప్పుకొచ్చింది.

"నాకు ఇయ్యబుద్ధి అయితలేదు బిడ్డా. ఎవరికి సెప్పుకోను? నా జిందగిల ఒక్కటే అడిగిన. ఆ పిల్లకు ముందట బోలెడన్ని దినాలున్నయి, నాకేమున్నయి అనుకుంట. మల్ల ఆ గంజిల చెరుగుతాన్న బక్కమ్మ యాదికొస్తది. రేపు సుగుణ గూడ ఆడ్నే కూసుంటదా అనుకుంట. నీయవ్వ, ఇదేం పరేషానో."

నేను లేచి ఇంటికి వచ్చేశాను. మర్నాడు మధ్యాహ్నం ఆమె బడికి వచ్చింది. ఎవరి ముఖమూ చూడలేదు. మగ్గం పక్కకు రాట్నం జరుపుకుంది.

"కూసో సుగుణా. కండెలు నేను సుడత" అంది.

పెట్టె తీసి పడుగు ఎక్కించారు. సుగుణ రోజూ నేసేది, చిలుకమ్మ కండెలు అందించేది. పాండురంగం మాస్టరు పరదా వెనక నుంచి అప్పుడప్పుడు దగ్గేవాడు, అంతకన్నా ఆయనతో పని పడలేదు. సగం బట్ట అయిందో లేదో సుగుణకు చలిజ్వరం పట్టుకుంది. పంపే గడువు దగ్గరికి వచ్చింది. తల్లి బక్కమ్మ బడికి వచ్చి గుమ్మంలో నిలబడి, "అత్తనే మిగిలింది నెయ్యమన్నది అమ్మా, మా పిల్ల. కాల్మొక్కుతనని సెప్పమన్నది" అని చెప్పిపోయింది. పంతులమ్మ ఆ పూట ఊళ్ళో లేదు. గదిలో నేను, చిలుకమ్మ, మగ్గం.

"నేసెయ్యి చిన్నమ్మా. దాని కోసమే కదా" అన్నాను. పైకి సుగుణ కోసమన్నా, మనసులో మాత్రం ఆమె కోసమే అన్నాను.

ఆమె చాలాసేపు మగ్గాన్నే చూసింది. తర్వాత కూర్చుంది. ఆమె కోసం నేను రాట్నం తిప్పాను, నా చేతకాని కండెలు నాలుగు చుట్టి ఇచ్చాను. ఆ మధ్యాహ్నం ఆమె చేతిలో మగ్గం మోగినట్టు మోగడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. ఎవరూ లేవమనలేదు. వంతు అడిగే పిల్ల లేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, పాటో ఏమో తెలియదు. జానెడు దాటి బట్ట పెరిగింది. అప్పుడు ఆగింది. చేయి చాపి బట్ట మీద అరచేయి పెట్టి, సుగుణ నేసిన వైపు నుంచి తన వైపుకు జరిపింది. మళ్ళీ జరిపింది.

"ఆడికెల్లి ఈడికి మారింది. తెలుస్తాంది" అంది.

"ఎవరికి తెలుస్తుంది?"

"సూసెటోళ్ళకు తెలుస్తది. రొండు చేతులంటరు. పిల్లను దొంగదంటరు." మళ్ళీ తొక్కడానికి కాలు పెట్టింది, నాడె విసిరింది, ఆగింది. "దాని లెక్క నేద్దామని సూస్తాన్న. నా కాలు ఒప్పుకుంటలేదు."

అక్కడ ఆమె ఏడ్చింది. వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. నేను నూలు చిక్కు పడేసి అట్లాగే కూర్చున్నాను. తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని, తాను నేసిందంతా ఒక్కొక్క పోగే వెనక్కి తీయడం మొదలుపెట్టింది. నేయడానికి పట్టిన సమయం కన్నా తీయడానికి ఎక్కువ పట్టింది. పడుగు పోగులు ఒరుసుకోకుండా, ఒక్కటీ తెగకుండా తీసింది. తీసిన నూలు నా చేతికి ఇవ్వలేదు. తనే కండెకు చుట్టుకుంది.

"సుగుణకు సెప్పకు. జరంల ఉన్న పిల్ల, దాని మనసెందుకు ఖరాబు సేసుడు" అంది. నేను చెప్పలేదు.

జ్వరం తగ్గీ తగ్గకముందే సుగుణ గొంగడి కప్పుకుని వచ్చి మిగిలింది నేసింది. చిలుకమ్మ కండెలు చుట్టింది. బట్ట హైదరాబాదు పోయింది, నెల తిరగకుండా సుగుణను తీసుకున్నారని తెలిసింది. కాజీపేట స్టేషనుకు మేమంతా పోయాం. బక్కమ్మ చిలుకమ్మ కాళ్ళ మీద పడబోతే, "ఏందే ఇది, లే" అని కసిరింది.

మళ్ళీ నూలు వస్తే తప్పకుండా నీకే అని పంతులమ్మ చెప్పింది. మనస్ఫూర్తిగానే చెప్పింది. చాలినంత నూలు మళ్ళీ రానే లేదు. తర్వాత ఊళ్ళో రజాకార్ల గొడవలు ముదిరి, ఆడపిల్లలను ఇంటి బయటికి పంపడమే మానేశారు. బడి మూతపడింది. మగ్గాన్ని విప్పి కర్రలుగా కట్టి ఎవరింటికో చేర్చారు.

పోలీసుచర్య అయిన మరుసటేడు నేను పుట్టింటికి వచ్చినప్పుడు కొత్తవాడకు పోయాను. సుగుణ అప్పటికి ఒక బడిలో నేతపని నేర్పే పంతులమ్మ అయింది. వాడలో అందరూ అదే చెప్పుకుంటున్నారు. నేను కూడా ఓదార్పుగా ఉంటుందని ఆ మాటే ఎత్తాను.

"సుగుణకు కొలువొచ్చింది. నీవల్లనే కదా చిన్నమ్మా. సంతోషంగా లేదూ?"

"సంతోషమే" అంది చిలుకమ్మ. రాట్నం తిప్పుతూనే ఉంది. "మొన్న వచ్చి పోయింది. మంచిగున్నది, ఒళ్ళు సేసింది. దాన్ని సూస్తే కడుపు నిండింది."

నేను అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. "మరింకేం, నువ్వు నేసినట్టే కదా" అన్నాను.

రాట్నం ఆపి నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. చిన్నపిల్లకు తెలియని సంగతి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఎట్లయితది బిడ్డా? అది వేరే, ఇది వేరే. దానికి కొలువొచ్చిందని నేను నేసినట్టయితదా? నాకు నెయ్యాలని ఉండె. ఇప్పటికీ ఉన్నది."